మామయ్య నేసిన కప్పు

షీవాన్ రేవు,
1987 మార్చి 12.

చున్‌నీకి,

మీ వదిన సూయింగ్ రాస్తున్నది. ఇక్కడ మనుషులందరం తిని తిరుగుతున్నాం. ఇంటి కప్పు ఒక్కటే మంచాన పడింది.

మొన్న మంచు కరిగిన నీళ్ళు తిన్నగా మా పడక మీదికే దిగాయి. ముందు చుక్క, ఆ తర్వాత ధార. బేసిన పెడితే బేసిన నిండింది. కూర గిన్నె పెడితే అదీ నిండింది. ఆఖరికి మీ అన్నయ్య పడవలో నీళ్ళు తోడే డొప్ప తెచ్చి పెట్టాడు. "సముద్రం మీద ఎలాగూ తోడేదే, ఇంటికొచ్చినా ఇదే చాకిరీనా?" అని ఒకటే సణుగుడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పరుపు తడిసినవాడి ముందు నవ్వితే ఊరుకుంటాడా?

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాం. గోధుమ కోతలు అవగానే పైనున్న సముద్రపు గడ్డి మొత్తం దింపేసి ఎర్ర పెంకులు వేయిస్తున్నాం. మన వీధిలో ఇప్పటికే నాలుగిళ్ళు ఎర్రబడ్డాయి. ఎదురింటి లూ వాళ్ళావిడ పెంకులు వేయించుకున్నప్పటి నుంచీ వీధి గుమ్మంలోనే నిలబడి పళ్ళు తోముకుంటోంది, పదిమందీ తలెత్తి చూడాలని. నాకూ గుమ్మముంది, నాకూ పళ్ళున్నాయి.

అయినా మాకేం తక్కువ? కిందటేడు మీ అన్నయ్య పడవకు పడ్డంత చేప రేవులో మరే పడవకూ పడలేదు. నేనల్లిన వలల కోసం పక్క ఊళ్ళ నుంచి వచ్చి పడిగాపులు పడుతున్నారు. ఇలాంటి ఇల్లు కారుతూ ఉంటే చూసేవాళ్ళకు బాగుంటుందా?

మామయ్య స్వయంగా నేసిన కప్పని నాకు తెలియకపోలేదు. నువ్వు పుట్టిన ఏడు నేశానని ఆయన వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. చెప్పేటప్పుడల్లా ఒకసారి పైకి చూసేవారు. అన్నీ గుర్తున్నాయి. కానీ కారే కప్పు కింద ఎన్నాళ్ళని కాళ్ళు ముడుచుకుని పడుకోమంటావు? నీకు చెబుదామని రాస్తున్నాను, అడుగుదామని కాదు.

ఓడ టపాలో ఎండు రొయ్యలు పంపాను. మీ ఆయనకు ఇష్టమని పెద్దవి ఏరి మరీ పెట్టాను.

మీ వదిన


దాలియన్,
మార్చి 27.

వదినకు,

రొయ్యలు అందాయి, ఉత్తరమూ అందింది. రెంటిలో రొయ్యలే బాగున్నాయి.

ఏమిటి వదినా, నాన్న నేసిన కప్పు కారిందా? ముప్పై ఆరేళ్ళకేనా? మన మేనత్త వాళ్ళ ఇంటి కప్పుకు నూట పాతికేళ్ళు. కింద వాసాలు రెండుసార్లు మార్చారు గానీ పైన గడ్డి మార్చే అవసరం రాలేదు. సముద్రపు గడ్డి పుచ్చదు, చెదపట్టదు, నిప్పు పెట్టినా సరిగా అంటుకోదు. అలాంటిది ముప్పై ఆరేళ్ళకు కారిందంటే రెండే కారణాలు. నాన్న సరిగా నేయలేదనైనా అనుకోవాలి, ఆయన పోయాక దాన్ని ఎవరో ఏదో చేశారనైనా అనుకోవాలి. మొదటిది నేను చచ్చినా నమ్మను.

రెండు వాలులూ కలిసే నడికొప్పు మీద ఏటా మట్టి మెత్తుతున్నారా? పైన వల పరిచి కడుతున్నారా, లేక కాకుల పాలు చేశారా? కారే చోట పైన గడ్డి మెత్తగా ఉందా, గట్టిగా ఉందా? ఇవేమీ చూడకుండానే పెంకులంటావేం? తలనొప్పి వచ్చిందని తల తీయించుకునేవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

అడుగుదామని కాదు, చెబుదామని రాశానన్నావు. బాగుంది. పెళ్ళయి సముద్రం దాటిన ఆడపడుచుకు ఇంటి మీద మాటేముంటుందిలే! నేనేమీ వాటా అడగడం లేదు. మా మిల్లులో మన తీరం వాళ్ళు పదకొండు మంది ఆడవాళ్ళు ఉన్నారు. "ఏ ఊరు? ఎవరి అమ్మాయివి?" అని అడిగితే "షీవాన్ రేవు, కప్పు మేస్త్రీ సుంగ్ గారి అమ్మాయిని" అంటే చాలు, "ఓహో, మా మేనమామ ఇంటి కప్పు ఆయనే నేశారు" అంటుంది ఒకావిడ. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క మాటే. ఆ కప్పు తీసేస్తే నాన్న పని సగంలోనే పాడైందని ఊరంతా అనుకుంటుంది. నా బాధ అది.

మాకు ఈ గొడవలేవీ లేవులే. మాది నాలుగో అంతస్తు, పైన కాంక్రీటు. ఒక్క చుక్క దిగదు. అయినా సరే, చూరు కింద నిలబడి వాన చూసే భాగ్యం ఇక్కడ లేదు.

పెంకులు కొనకు. ముందు కప్పు చూపించు.

నీ ఆడపడుచు చున్‌నీ


షీవాన్ రేవు,
ఏప్రిల్ 20.

చున్‌నీకి,

నాలుగో అంతస్తు మహారాణి గారి ఆజ్ఞ అందింది. కాంక్రీటు కింద వెచ్చగా కూర్చుని ఇక్కడి వాసాలు బాగానే లెక్కపెడుతున్నావు.

పెంకులు అప్పటికే వచ్చేశాయి. పెరట్లో పేర్చి పెట్టాం. కోళ్ళు వాటి మీదెక్కి కూస్తున్నాయి. నువ్వన్నావు కదా అని కప్పు కూడా చూపించాను. ఎవరికి చూపించాననుకున్నావు? తెంగ్ తాతకు. మామయ్యతో కలిసి నలభై ఏళ్ళు కప్పులు నేసిన మనిషి. ఆయన్ను మించి తెలిసినవాళ్ళు ఈ తీరంలో ఇంకెవరున్నారు?

ఆయనకు డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు పనిచేయవు, నిచ్చెన ఎక్కలేడు. కర్ర పోటేసుకుంటూ ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వీధిలోకి వెళ్ళి దూరంగా నిలబడి, కళ్ళు చికిలించి చూశాడు. ఈలోగా పదిమంది పోగయ్యారు. లూ వాళ్ళావిడ సరే సరి, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షుతోనే వచ్చింది.

తెంగ్ తాత కర్ర ఎత్తి కొప్పు వైపు చూపించాడు. తర్వాత అన్నాడు: "నడికొప్పు కుంగింది. చుట్టుపక్కలంతా సరిగానే ఉంది గానీ కొప్పు దగ్గర సుంగ్ చెయ్యి తడబడింది. ఎంతటివాడికైనా ఒక్కచోట తడబడుతుంది. అది వాడి సొంత ఇంట్లోనే జరగాలని రాసి ఉంది."

అందరి ముందూ అన్నాడు. వెటకారానికి కాదు, బాధపడే అన్నాడు. కానీ అన్నాడు.

మీ అన్నయ్య అక్కడే ఉన్నాడు. ఒక్క మాటా అనలేదు. వల భుజాన వేసుకుని రేవుకు వెళ్ళిపోయాడు.

నీకు దాచకుండా రాయాలని రాశాను. ఇక దీని మీద నన్ను ఏమీ అడగకు. కోతలయ్యాక పెంకులు వేయించేస్తాం, ఆ గొడవ అక్కడితో వదిలిపోతుంది.

వదిన


దాలియన్,
మే 6.

వదినకు,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర అందింది. అక్కడే నిలబడి చదివాను. చదివాక లోపలికి వెళ్ళాలని కూడా తోచలేదు.

నాన్న చెయ్యి తడబడిందా? సొంత ఇంటి మీదా?

ఆ గడ్డి ఎలా తెచ్చారో నీకు తెలియదు, అప్పటికి నువ్వు మా ఇంటికి రాలేదు. అమ్మ చెప్పేది. శరత్కాలపు పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తేదట. కెరటాలు తెచ్చి పోసిన పచ్చగడ్డిని పళ్ళున్న పొడుగు కర్రలతో లాక్కొచ్చి గుట్టలు పెట్టేవాళ్ళట. నాన్న మాత్రం అందరిలా ఎండబెట్టి ఊరుకునేవాడు కాదు. రెండు వానలకు తడిపి, రెండు ఎండలకు ఎండబెట్టి, పిడికెడు పిడికెడూ దులిపి, ఇసుక రాలడం ఆగాకే కట్ట కట్టేవాడట. మూడేళ్ళు పోగుచేశాడట ఒక్క కప్పు కోసం. పరాయివాళ్ళ ఇళ్ళకే అంత నిష్ఠగా నేసిన మనిషి, కన్న పిల్లలు పడుకునే చోట చెయ్యి జారనిస్తాడా?

పోనీ తెంగ్ తాత ముసలాయన, కళ్ళు సరిగా కనపడక అన్నాడనుకుందాం. అన్నయ్యకేమైంది? నోట్లో చేప ముల్లు గుచ్చుకుందా? కన్నతండ్రిని వీధిలో అంత మాట అంటుంటే వల భుజాన వేసుకుని పోయాడా? నేనే ఉంటే ఆ కర్ర లాక్కుని, "తాతా, ఎక్కి చూసి మాట్లాడు" అనేదాన్ని.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. నీకు ఎర్ర పెంకుల మోజు పట్టింది. కప్పు కారడం నీకు కలిసొచ్చింది. లూ వాళ్ళావిడతో పోటీకి మా నాన్న పేరు బలి పెడుతున్నావు.

పొర పొరా విప్పి చూడకుండా ఆ కప్పు దింపేస్తే, నేను మళ్ళీ ఆ గడప తొక్కను. రొయ్యలు పంపినా తిప్పి పంపేస్తాను.

చున్‌నీ


షీవాన్ రేవు,
మే 28.

చున్‌నీకి,

నీ మాటలకు నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఉత్తరం నాలుగు ముక్కలు చేశాను. మర్నాడు అన్నం మెతుకులతో అతికించి మళ్ళీ చదువుకున్నాను. ఒక్కచోట మాత్రం నువ్వన్నది నిజం. ఎక్కి చూడకుండా ఎవరూ మాట్లాడకూడదు.

అందుకని ఎక్కాను.

అవును, నేనే. మన రేవులో ఆడది కప్పెక్కితే ఆ ఇంటి పడవకు చేప ముఖం చాటేస్తుందంటారు కదా. నేనూ పద్నాలుగేళ్ళుగా ఆ మాట వింటూ నిచ్చెన మొదట్లోనే ఆగిపోయిన దాన్నే. శుక్రవారం పొద్దున మీ అన్నయ్య సముద్రం మీద ఉన్నాడు, వీధిలో ఆడవాళ్ళంతా రొయ్యలు ఎండబోయడానికి ఒడ్డున ఉన్నారు. నిచ్చెన వేసుకుని ఎక్కేశాను. మెట్లు లెక్కపెట్టుకుంటూ పోయాను, కిందికి చూడలేదు. పైకి వెళ్ళాక మాత్రం భయం పోయింది. అక్కణ్ణుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది చున్‌నీ. మామయ్య గంటల తరబడి కిందికి దిగకపోవడం ఎందుకో అప్పుడు తెలిసింది.

నడికొప్పు కింద చెయ్యి పెట్టాను. భుజం దాకా వెళ్ళిపోయింది. లోపలంతా నల్లగా, పేడలా మెత్తగా అయిపోయింది. చెయ్యి తీసి జానెడు కిందుగా ఇంకో చోట పెట్టాను. అక్కడ మామయ్య వేసిన పొర పొడిగా, బిగుతుగా ఉంది. పిడికిలి బిగించి లాగినా ఒక్క పరక ఊడి రాలేదు. ఇంకోచోట, ఇంకోచోట చూశాను. అన్నిచోట్లా అంతే. మామయ్య చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఇక అసలు సంగతి. నాకిది ముందే తెలుసు. ఎక్కకముందే తెలుసు.

మామయ్య పోయిన మరుసటి ఏడాది మీ అన్నయ్య ఒక సిమెంటు బస్తా తెచ్చాడు. "ఏటేటా మట్టి మెత్తే బాధ ఎవడు పడతాడు? ఒక్కసారి ఇది వేస్తే యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నడికొప్పు పొడవునా సిమెంటు మెత్తాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారని పైన పల్చగా మట్టి పూశాడు. అందుకే తెంగ్ తాతకు కింద నుంచి కనబడలేదు. గడ్డి ఏటా కొంచెం అణుగుతుంది, మట్టి దానితో పాటు అణుగుతుంది. సిమెంటు అణగదు. కింద గడ్డి దిగిపోతుంటే అది పైన పలకలా నిలబడిపోయింది. మధ్యలో సందు పడింది, చలికి బీటలు వారి కుంగింది, నీళ్ళు దిగాయి. దిగిన నీళ్ళు ఆరే దారి లేదు. ఆరేళ్ళపాటు లోపలే కుళ్ళింది.

ఆ సిమెంటు కలిపి ఇచ్చింది నేను. వద్దని నోటిదాకా వచ్చింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఏడేళ్ళు మామయ్యకు కింద నుంచి గడ్డి అందించిన దాన్ని, నాకు తెలియదా కొప్పు మీద గట్టిది పనికిరాదని? కానీ మీ అన్నయ్య ఆ రోజు ఎంత సంబరంగా ఉన్నాడో నువ్వు చూడలేదు. మామయ్య ఉన్నన్నాళ్ళూ, "నీ చేతికి చేప లొంగుతుంది గానీ గడ్డి లొంగదురా" అనేవారు. నలుగురిలోనూ అనేవారు. మీ అన్నయ్య నవ్వేసేవాడు. ఆ రోజు సిమెంటు మెత్తి దిగాక, "నాన్న ఇంటికి నేనూ ఒక పని చేశాను" అన్నాడు. అప్పుడు వద్దని ఎలా అనేది చెప్పు?

నువ్వు ఎర్ర పెంకుల మోజన్నావు. మోజు లేదనను. కానీ నేను తొందరపడింది అందుకు కాదు. కప్పు విప్పి బాగు చేయిస్తే సిమెంటు బయటపడుతుంది, మీ అన్నయ్య పదిమందిలో తలదించుకోవాలి. మొత్తం పీకి పెంకులు వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, కాకపోతే మామయ్య చెయ్యి తడబడిందన్న మాట నిలిచిపోతుంది. పోయినవాళ్ళకు మాట తగలదు కదా అనుకున్నాను. అది నీకు తగులుతుందని అనుకోలేదు.

ఇప్పుడు నువ్వే చెప్పు. ఆయన నీ తండ్రి, ఈయన నీ అన్న. నువ్వు విప్పమంటే విప్పిస్తాను.

సూయింగ్


దాలియన్,
జూన్ 9.

వదినా,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

పెంకులు వేసేయ్.

నాన్న ఆ మాట అన్నప్పుడల్లా నేను అక్కడే ఉండేదాన్ని. "గడ్డి లొంగదురా" అనగానే నేను పకపకా నవ్వేదాన్ని. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని కప్పులు చూపించేవాడు, అన్నయ్య వెనకాల పనిముట్లు మోసుకుంటూ వచ్చేవాడు. నాన్న మంచి మేస్త్రీ. మంచి మేస్త్రీలందరూ మంచి గురువులు కారు. ఈ మాట రాయడానికే నాకు మూడు కాగితాలు పట్టాయి.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. నాన్న ఉండి ఆ సిమెంటు చూసి ఉంటే ఇంట్లో అన్నయ్యను తిట్టి పోసేవాడు. వీధిలో మాత్రం, "కొప్పు దగ్గర నా చెయ్యే తడబడింది" అనేవాడు. కొడుకును తను అనాలి గానీ పరాయివాడు ఒక్క మాట అంటే పడనిచ్చేవాడు కాదు. అందుకే చెబుతున్నాను, ఆ నింద నాన్న మీదే ఉండనీ. ఆయన మోయగలడు.

మిల్లులో నన్ను ఎవరైనా అడిగితే ఇకమీదట కూడా సుంగ్ మేస్త్రీ అమ్మాయిననే చెబుతాను. తలెత్తుకునే చెబుతాను. నిజం ఏమిటో నాకు తెలుసు, నీకు తెలుసు. చాలదా?

నువ్వు కప్పెక్కావని చదివి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నిన్ను అనకూడని మాటలన్నాను. మనసులో పెట్టుకోకు. ఇంకొకటి, మా నాలుగో అంతస్తు సంగతి. కారుతుంది వదినా. మూడేళ్ళుగా కారుతోంది. వంటగదిలో రెండు బకెట్లు పెట్టుకుని, నీకు మాత్రం చుక్క దిగదని గొప్పలు రాశాను. సిమెంటును నమ్మినవాడు మా అన్నయ్య ఒక్కడే కాదని చెబుదామని రాస్తున్నాను.

చున్‌నీ


షీవాన్ రేవు,
జూలై 5.

చున్‌నీకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మళ్ళీ కుర్చీలోంచి లేచావంటే నా పూచీ లేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. ఆయన గాలాలకు ముడులు వేస్తూ వింటున్నాడు. "ఆ నింద నాన్న మీదే ఉండనీ. ఆయన మోయగలడు" అన్న చోట చదవడం ఆపేశాను. ఆయన లేచి ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే చదువుకున్నాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు.

వెనకాలే నేనూ పరుగెత్తాను. తిన్నగా తెంగ్ తాత వాళ్ళ గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ముసలాళ్ళు ఐదారుగురు చదరంగం ఆడుతున్నారు.

"తాతా, మా నాన్న చెయ్యి తడబడలేదు. కొప్పు మీద సిమెంటు మెత్తింది నేను. పైన మట్టి పూసి దాచిందీ నేనే. ఆ రోజు మీరు మా నాన్నను అంటుంటే నోరు మూసుకుని పోయాను. అది సిమెంటు కన్నా పెద్ద తప్పు. ఇప్పుడు అందరూ వచ్చి చూడండి."

 చదరంగం బల్ల వదిలేసి అందరూ ఆయన వెనకాల వచ్చారు. ఎవరు పిలిచారో, ఎలా తెలిసిందో, ఇంటికి చేరేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. మీ అన్నయ్య సుత్తి తీసుకుని కప్పెక్కి, సిమెంటు పెళ్ళలు పగలగొట్టి ఒక్కొక్కటీ అందరి కళ్ళెదుటా కిందికి విసిరాడు. తర్వాత మామయ్య వేసిన గడ్డి లోపలి పొర నుంచి ఒక గుప్పెడు అతికష్టం మీద పీకి తెచ్చి తెంగ్ తాత చేతిలో పెట్టాడు.

తాత దాన్ని వాసన చూశాడు. పరక తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "ఇంకా ఉప్పగానే ఉంది" అన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "వాణ్ణి అన్న మాట నేనే దిగమింగుతున్నాను. అందరూ వినండి. సుంగ్ కప్పు ఇంకో వందేళ్ళుంటుంది, కొప్పు ఒక్కటీ కొత్తగా వేస్తే" అన్నాడు.

వేసేదెవరు? అదీ ప్రశ్న. తెంగ్ తాత ఎక్కలేడు. మిగతా మేస్త్రీలు పోయారు, ఉన్న ఒకరిద్దరికీ చూపు లేదు. తాత అందరినీ ఒకసారి చూసి అడిగాడు:

"సుంగ్‌కు ఆఖరి ఏడేళ్ళూ గడ్డి అందించిందెవరు?"

మీ అన్నయ్య నా వైపు చూపించాడు.

"కట్ట మందం కొలిచి అందించేదానివా, తోచినంత అందించేదానివా?"

"కొలవకపోతే మామయ్య నా నెత్తినే పారేసేవారు" అన్నాను.

"అయితే ఎక్కు."

అప్పుడు చూడాలి గోల! ఎదురింటి లూ అన్నాడు, "ఆడది కప్పెక్కితే చేప పడదు. ఒక్క మీ పడవకే అయితే మీ ఇష్టం. రేవు మొత్తానికి తగిలితే?" ఇంకో ఇద్దరు తలలాడించారు.

మీ అన్నయ్య నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. "మే నెలలోనే ఎక్కింది మా ఆవిడ. ఆ మర్నాడే కదా నా వల చిరిగేంత చేప పడింది? నువ్వే వచ్చి మోశావు కదయ్యా! పడవ నాది, పెళ్ళాం నాది, కప్పు మా నాన్నది. మధ్యలో నీకేమిటి నొప్పి?" అన్నాడు. నేను కప్పెక్కిన సంగతి నీ ఉత్తరం రాకముందే ఆయనకు తెలుసని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నిచ్చెన కాళ్ళకంటిన మట్టి చూసి కనిపెట్టాడట. కనిపెట్టీ నెల రోజులు ఊరుకున్నాడు.

ఎక్కాను చున్‌నీ. ఊరంతా చూస్తుండగా ఎక్కాను.

ఆరు రోజులు పట్టింది. కుళ్ళినదంతా తీసేశాక కొత్త గడ్డి కావాలి. ఇప్పుడు ఒడ్డుకు పూర్వంలా గడ్డి కొట్టుకు రావడం లేదు. ఏం చేద్దామని తల పట్టుకుంటే, పెంకులు వేయించుకున్న నాలుగిళ్ళ వాళ్ళు దింపేసిన పాత గడ్డి ఊరి బయట గుట్టగా పడి ఉందని గుర్తొచ్చింది. తెచ్చి దులిపాం, కడిగాం, ఎండబెట్టాం. గట్టిగా, కొత్తదానిలా ఉంది. ఆ నాలుగింటిలో మూడిళ్ళు మామయ్య నేసినవే. అంటే ఆయన దులిపి ఏరిన గడ్డే మళ్ళీ నా చేతికి వచ్చింది. పిడికిట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను. ఒక్క ఇసుక రేణువు లేదు.

తెంగ్ తాత కింద పీట వేసుకుని కూర్చుని పొద్దస్తమానం తిట్టాడు. "పొర మీద పొర! అలా గుడ్డ పరిచినట్టు కాదే! సముద్రపు గడ్డి పొరల మధ్యలోకి గోధుమ గడ్డి పోనీ. బల్లతో కొట్టు, ఇంకా కొట్టు. మీ మామ అయితే ఈపాటికి నిన్ను దింపేసేవాడు!" మొదటి రోజు కాలు జారి చూరు దాకా వచ్చాను. లూ వాళ్ళావిడ కెవ్వుమంది. నేను మాత్రం చేతిలో కట్ట వదల్లేదు. అది చూశాక తాత తిట్లు సగం తగ్గాయి. నాలుగో రోజు నుంచి మాట్లాడటమే మానేశాడు. మామయ్య కూడా పని నచ్చితే మాట్లాడేవారు కాదు, అందుకని నాకు ధైర్యం వచ్చింది. ఆరో రోజు కొప్పు మీద మట్టి మెత్తి, పైన నేనల్లిన వల పరిచి కట్టాను.

పని పూర్తయినప్పుడు మేస్త్రీ కొప్పు మీద నుంచి ఆవిరి రొట్టెలు విసరాలి కదా. చేప ఆకారంలో అరవై చేశాను. చేసిందీ నేనే, విసిరిందీ నేనే. మొదటిది మీ అన్నయ్య పట్టుకున్నాడు. అప్పుడు మన ఆచారం ప్రకారం వీధిలో అందరూ ఒక్క గొంతుతో అడిగారు, "ఎవరి చెయ్యి?" అని. ఇంటాయన చెప్పాలి. మీ అన్నయ్య సముద్రం మీద కేకేసినట్టు కేకేశాడు:

"నడుము దాకా మా నాన్నది! నడికొప్పు మా ఆవిడది!"

నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను పైన కూర్చుని ఏడ్చాను. సంతోషమే. కింద నుంచి ఎవరికీ కనబడలేదనుకుంటాను.

మొన్న మూడు రోజులు విడవకుండా వాన. పడక మీద పడుకుని పైకి చూస్తూనే ఉన్నాం. ఒక్క చుక్క దిగలేదు. పెరట్లో పెంకులు ఊరికే పడి ఉన్నాయని పందుల కొట్టానికి వేయించాను. మా పంది ఇప్పుడు వీధిలో అందరికన్నా ఎర్రటి కప్పు కింద నిద్రపోతోంది.

ఇక ముగిస్తాను, చీకటితోనే లేవాలి. నిన్న తెంగ్ తాత కర్ర పోటేసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నా ఇంటి కొప్పు కూడా వదులైంది. కొడుకులు పెంకులంటున్నారు. నేను బతికుండగా నా ఇంటి మీద చెయ్యి వేయాలంటే అది సుంగ్ కోడలి చెయ్యే కావాలన్నాను. వస్తావా?" అని అడిగాడు. ఇన్నేళ్ళూ ఆయన నన్ను "ఏమే" అనే పిలిచాడు. ఈసారి "మేస్త్రీ" అన్నాడు.

రేపు ఆ కప్పెక్కుతున్నాను. కింద గడ్డి అందించేది మీ అన్నయ్య. మధ్యాహ్నమంతా కట్టలు కట్టడం నేర్పాను. వదులుగా కట్టినవి విప్పి పారేశాను. నోరెత్తకుండా మళ్ళీ కట్టాడు. ఐదోసారికి కుదిరింది. నేను బాగుందన్నాను.

సూయింగ్